మామ కంప్యూటరు లేవలేదు
(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఖతర్‌లో ఐటీ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. ఎమ్మెస్ చదివాను కాబట్టి పాడైన కంప్యూటరు బాగుచెయ్యడం నాకు వచ్చేసినట్టేనని మా బంధువుల గట్టి నమ్మకం. నిజం చెప్పాలంటే, ఆ చదువులో స్క్రూడ్రైవరు పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. అయినా పెళ్ళికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా "బాబూ, మా సిస్టం ఆన్ అవ్వట్లేదు, కాస్త చూస్తావా" అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. అలా పట్టుకున్న ఒకాయన సంగతి ఇవాళ చెబుతాను. అందులోనే మీకు పనికొచ్చే విషయాలు కూడా ఉన్నాయి.

దోహాకి నైరుతి దిక్కున ఇండస్ట్రియల్ ఏరియా ఉంది. ఇక్కడ అందరూ దాన్ని సనాయా అంటారు. గ్యారేజీలు, గోదాములు, సిమెంటు లారీలు, వాటి మధ్య కార్మికుల క్యాంపులు. వీధులకు ఎక్కువగా నెంబర్లే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచీ, మా గోదావరి జిల్లాల నుంచీ వచ్చినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన ఒక గదిలో ఎనిమిది మంది ఉండేవారు. మంచం మీద మంచం. గది మొత్తానికి ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు. తలా ఇంత వేసుకుని పాత సామాన్ల షాపులో కొన్నది. దాని పెత్తనం జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. గదిలో అందరూ ఆయన్ని మామ అంటారు. నేనూ మామ అనే అంటాను. ఆయన నన్ను అల్లుడా అంటారు.

2020 మార్చి 17న కరోనా వల్ల ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకటో నెంబరు వీధి నుంచి 32వ వీధి దాకా మూసేశారు. మామ వాళ్ళ వీధి అందులోదే. లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళం లోపలికి వెళ్ళకూడదు. ఆ తరువాతి వారంలో ఒక పొద్దున మామ ఫోన్ చేశారు.

"అల్లుడా, మన డబ్బా లేస్తలేదు."

"ఏమవుతోంది మామా?"

"బటన్ వత్తితే లైటు అస్తున్నది. లోపట పంక తిరుగుతున్నది. తెర నల్లగయ్యి ఇంగ్లీషుల ఏదో రాస్తున్నది, గంతే. పొద్దున సంది ఇరవై సార్లు బంద్ జేసి చాలూ జేసినం."

"ఇరవై ఒకటోసారి మాత్రం చెయ్యకండి మామా" అన్నాను.

పక్క గది కుర్రాడు అప్పటికే పెన్‌డ్రైవు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడట, ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ ఎక్కిస్తే చక్కగా అయిపోతుందని. అతను చెప్పింది అబద్ధం కాదు. కంప్యూటరు చక్కగానే అయ్యేదేమో. అందులో ఉన్నవి మాత్రం మిగిలేవి కావు.

అందులో ఏమున్నాయో అప్పుడు అడిగాను. సినిమాలూ పాటలూ పోతే పోయాయి, రెండు మాత్రం కావాలన్నారు మామ. ఒకటి గది లెక్కలు. నాలుగేళ్ళ మెస్ ఖర్చులు, చేబదుళ్ళు. చెల్లెలి పెళ్ళికి ఒకరు, బోరు వేయించడానికి ఒకరు, ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నవన్నీ ఒక ఎక్సెల్ ఫైలులో ఉన్నాయి. మరి రాసుకున్న నోటుపుస్తకం ఏమైందంటే, "కంప్యూటర్ల ఎక్కించినంక చింపేసినం" అన్నారు. రెండోది, 2018లో వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు ఊళ్ళో తీసిన వీడియో. మామకి అప్పుడు సెలవు దొరకలేదు. తీసిన ఫోను తరువాత నీళ్ళలో పడింది. మిగిలిన కాపీ ఇదొక్కటే.

లాక్‌డౌన్ రోజులు. కొందరికి ఓవర్‌టైము లేదు. ఊళ్ళో అప్పులవాళ్ళు ఆగడం లేదు. అలాంటప్పుడు ఎవరికి ఎవరు ఎంత ఇవ్వాలో తేల్చే కాగితం పోతే, ఎనిమిది మందికీ ఎనిమిది లెక్కలు గుర్తుంటాయి. ఒకే గదిలో, బయటికి వెళ్ళే వీలు లేకుండా. మామ భయం నాకు అర్థమైంది.

నేను చెయ్యగలిగింది ఒక్కటే. ప్లగ్గు పీకి, దుప్పటి చుట్టి, బీరువా మీద పెట్టమన్నాను. నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాను. ఆ రావడానికి మూడు నెలలు పైనే పట్టింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఫైళ్ళు బతకడానికి ముఖ్యమైన కారణం ఆ మూడు నెలలు ఎవరూ దాన్ని ముట్టుకోకపోవడమే. మామూలు రోజులైతే ఆ సాయంత్రమే ఏదో ఒక షాపుకి వెళ్ళేది, రాత్రికి కొత్త విండోస్‌తో తిరిగొచ్చేది.

ఎందుకో చెబుతాను. మన ఊళ్ళో పహాణీ ఉంటుంది. ఏ సర్వే నెంబరు ఎవరిదో అందులో రాసి ఉంటుంది. హార్డ్ డిస్కులో కూడా అలాంటి పట్టిక ఒకటి ఉంటుంది, ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పేది. పహాణీ చిరిగినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. అలాగే పట్టిక పాడైనా, పొరపాటున ఫైలు చెరిపేసినా, అసలు సమాచారం చాలాసార్లు డిస్కు మీద అలాగే ఉంటుంది. కానీ ఆ పొలంలో ఇంకొకరు వచ్చి దున్ని నాట్లు వేసేస్తే మన పంట ఇక లేనట్టే. కొత్త విండోస్ ఎక్కించడమంటే దున్నడమే.

కంప్యూటరు "చచ్చిపోయింది" అని మనం ఒకే మాట అంటాం గానీ, ఆ చావు మూడు రకాలు. ఒకటి, కరెంటు అందకపోవడమో బోర్డు పోవడమో. బటన్ నొక్కినా ఉలకదు పలకదు. రెండోది విండోస్ పాడవడం. లైట్లు వెలుగుతాయి, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ రెండింటిలో మీ ఫోటోలకి సాధారణంగా ఏమీ కాదు. ఇంటికి తాళం పడింది గానీ సామాను లోపలే ఉంది. మూడోది డిస్కే దెబ్బతినడం. ఇది ప్రమాదం. డిస్కు లోంచి టిక్కు టిక్కుమని ఆగకుండా శబ్దం వస్తుంటే వెంటనే ఆపెయ్యండి. లోపల పళ్ళేల మీద వెంట్రుకవాసి కంటే తక్కువ ఎత్తులో తిరిగే మొన ఒకటి ఉంటుంది. అది గీసుకుపోతే సమాచారం పొడిగా రాలిపోతుంది. అలాంటి డిస్కుని దుమ్ములేని గదిలో విప్పే నిపుణుల దగ్గరికే పంపాలి. ఫ్రీజరులో పెడితే పని చేస్తుందని ఎవరో చెబుతారు, నమ్మకండి. లోపల చెమ్మ పడితే ఉన్నది కూడా పోతుంది.

జూలైలో ఆంక్షలు సడలాక ఒక శుక్రవారం వెళ్ళాను. బయటివాళ్ళని క్యాంపులోకి ఇంకా రానివ్వడం లేదు. మామ ఆ డబ్బాని అదే దుప్పటిలో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గేటు దాకా తెచ్చారు. కారులో పెట్టి, "గిండ్ల ఎనిమిది మంది ఇజ్జత్ ఉన్నది అల్లుడా" అన్నారు.

ఇంటికొచ్చి మూత తీస్తే లోపల పిడికెడు ఇసుకా దుమ్మూ. తుడిచాను. డిస్కు విప్పి, యూఎస్‌బీ కేబులుతో నా కంప్యూటరుకి తగిలించాను. నా కంప్యూటరుని పెన్‌డ్రైవు నుంచి లినక్స్‌తో లేపాను. విండోస్ అయితే "ఈ డిస్కుని ఫార్మాట్ చెయ్యమంటారా" అని అడుగుతుంది, పొరపాటున చెయ్యి జారి అవునని నొక్కే ప్రమాదం ఉంది. డిస్కులో అక్కడక్కడా చెడిపోయిన చోట్లు ఉన్నాయి. టిక్కుమనే శబ్దం లేదు కాబట్టి ధైర్యం చేశాను.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. జబ్బుపడ్డ డిస్కు మీద వైద్యం చెయ్యకూడదు. ముందు దాని నకలు తీసి, నకలు మీద చెయ్యాలి. విండోస్‌లోని చెక్‌డిస్క్ లాంటివి అసలు డిస్కు మీదే దిద్దుబాట్లు మొదలుపెడతాయి, అందుకే మొదట వాటి జోలికి పోకూడదు. నకలు తియ్యడానికి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ కాపీ చేసుకుంటుంది, మొండికేసిన చోట్లని పక్కన పెట్టి చివర్లో మళ్ళీ వస్తుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాసుకున్నట్టు. నకలు తయారయ్యాక టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. మొదటిది పట్టికని దిద్దుతుంది. రెండోది పట్టిక లేకపోయినా ఫోటోలనీ ఫైళ్ళనీ ఏరుతుంది, కాకపోతే వాటి అసలు పేర్లు రావు.

రెండు రాత్రులు నడిచింది. మామ మధ్యమధ్య వీడియో కాల్ చేసి తెర మీద అంకెలు చూసి పెట్టేసేవారు, ఏమీ అడక్కుండా.

మూడో రోజు లెక్కల ఫైలు తెరుచుకుంది. పూర్తిగా, చిల్లర పైసలతో సహా. ఈ మూడు నెలలూ మామ ఒక కొత్త పుస్తకంలో ఎవరు ఎంతంటే అంత రాసుకుంటూ వచ్చారు, వెనక చూసుకుందామని. రెండూ పక్కపక్కన పెట్టి చూశారట. తేడాలు వచ్చాయి. అందులో ఒకతను తనకి రావలసినదాన్ని తక్కువ రాయించుకున్నాడు. ఎందుకురా అంటే, "ఇచ్చేటోని తాన ఇప్పుడు లెవ్వు గద మామా" అన్నాడట.

వీడియో మాత్రం సగమే వచ్చింది. చెడిపోయిన చోట్లలో కొన్ని సరిగ్గా దాని మీదే పడ్డాయి. ఎన్నిసార్లు ప్రయత్నించినా మిగతాది రాలేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మామ చూసి కాసేపు ఊరుకుని, "పాడె లేసేదాక ఉన్నది గదా, గది సాలు" అన్నారు. ఆయనకి చాలేమో గానీ నాకు చాల్లేదు. ఐదు నిమిషాలు పట్టే పని, ఒక పెన్‌డ్రైవులో ఇంకో కాపీ, ఎవరమూ చెయ్యలేదు.

డిస్కులు ఎంత మొండివో ఒక ఉదాహరణ. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలిపోయి మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. ఆ శకలాలలో కాలి నల్లబడ్డ ఒక హార్డ్ డిస్కు దొరికింది. అందులో జెనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం తాలూకు సమాచారం ఉంది. నిపుణులు దాంట్లోంచి 99 శాతం బయటికి తీశారు, ఆ ఫలితాలు 2008లో ప్రచురించారు. ఆకాశం నుంచి పడ్డ డిస్కు బతికింది, బల్ల మీదున్న డిస్కుని మనమే ఫార్మాట్ చేసి చంపుకుంటాం.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మీ ఇళ్ళలో కూడా గ్యారేజీలో పాత కంప్యూటరు ఒకటి ఉండే ఉంటుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి చాలామంది పాతవి మార్చేస్తున్నారు. పారెయ్యకముందు డిస్కు తీసి ఉంచుకోండి. పాత వెడల్పు కేబులు డిస్కులకీ కొత్తవాటికీ కూడా పనికొచ్చే యూఎస్‌బీ అడాప్టర్లు దొరుకుతాయి. అందులో అను ఫాంట్లతో టైపు చేయించిన పెళ్ళి శుభలేఖో, తాతగారి జ్ఞాపకాలో ఉంటే ఫైలు ఒక్కటే వస్తే చాలదు. ఫాంటు కూడా వెతికి తియ్యండి, లేకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. తెరుచుకోగానే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.

కొత్త కంప్యూటర్లతో ఇంకో చిక్కు ఉంది. చాలావాటిలో డిస్కుకి బిట్‌లాకర్ తాళం దానంతటదే పడి ఉంటుంది. వేరే కంప్యూటరుకి తగిలిస్తే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటరు బాగున్నప్పుడే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎస్సెస్డీలలో చెరిపేసిన ఫైళ్ళు తిరిగి రావడం కష్టం, కొన్ని లాప్‌టాపుల్లో అసలు డిస్కు విప్పడానికే రాదు. అంటే ముందుజాగ్రత్త మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ అవసరం.

ఆ జాగ్రత్తని మూడు, రెండు, ఒకటి అంటారు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో. మామ గదిలో అది ఇలా అమలైంది: కంప్యూటరులో ఒకటి, మామ ట్రంకుపెట్టెలో పెన్‌డ్రైవు ఒకటి, జగిత్యాలలో ఆయన కూతురి దగ్గర ఒకటి. ప్రతి నెల మొదటి శుక్రవారం, మెస్ లెక్క కట్టగానే కాపీ తియ్యాలని గదిలో నియమం పెట్టారు.

మామ 2022లో ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు లెక్కలన్నీ తేల్చి, ఎనిమిది మందీ సంతకాలు పెట్టిన కాగితం ఒకటి కంప్యూటరులో కాదు, చేతికే తీసుకువెళ్ళారు.

మీ ఇంట్లో కంప్యూటరు రేపు లేవకపోతే ముందు ప్లగ్గు పీకండి. తరువాత ఒక కప్పు టీ తాగి, అందులో ఏముందో ఇంట్లో అందరినీ అడిగి ఒక కాగితం మీద రాయండి. ఎవరికి చూపించాలో ఆ తరువాత ఆలోచించవచ్చు. ఇవాళ అది బాగానే లేస్తుంటే, ఈ ప్రసంగం అయ్యాక ఆ ఐదు నిమిషాల పని చేసెయ్యండి.