విమానానికి ఎత్తు ఎలా తెలుస్తుంది?



భోగాపురం విమానాశ్రయం మాట విజయనగరం జిల్లాలో ప్రతి ఇంటా వినపడేదే. మరి విమానం ఎంత ఎత్తున ఎగురుతోందో పైలటుకు ఎలా తెలుస్తుందంటారు? కిందికి తాడు వేసి కొలవరు కదా! గాలి ఒత్తిడిని బట్టి లెక్క కడతారు.

గాలికి బరువేమిటమ్మా అనకండి. శృంగవరపుకోట నుంచి అరకు ఘాటీ ఎక్కేటప్పుడు చెవులు దిబ్బెళ్ళు వేస్తాయి చూశారూ, అదే సాక్ష్యం. పైకి పోయేకొద్దీ మన నెత్తిమీద గాలి తగ్గుతుంది, దాని ఒత్తిడీ తగ్గుతుంది. అరకులో నీళ్ళు సుమారు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కరు లేకుండా వండితే అక్కడ కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. 1648లో ఫ్రాన్సులో పాస్కల్ అనే పండితుడు పాదరసపు గొట్టాన్ని కొండ మీదికి మోయించి ఈ సంగతి రుజువు చేయించాడు. తాను ఎక్కలేదు లెండి, అక్కగారి భర్త పెరియేని పంపాడు!

విమానంలోని ఆల్టీమీటరులో, గాలి తీసేసి మూసిన పల్చని రేకు డబ్బీ ఉంటుంది. బయటి ఒత్తిడి తగ్గితే అది పూరీలా ఉబ్బుతుంది, పెరిగితే అణుగుతుంది. ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక మిల్లీబారు తగ్గితే దాదాపు 28 అడుగులు పైకి వెళ్ళినట్టు లెక్క.

చిక్కంతా ఇక్కడే ఉంది. ముల్లుకు తెలిసింది ఒత్తిడే గాని ఎత్తు కాదు. మామూలు ఒత్తిడి 1013 మిల్లీబార్లు. మన తీరానికి తుఫానులు కొత్తా? 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని కూల్చిన తిత్లీలో అది 972కి దిగింది. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ నడిబొడ్డున 950కి పడిపోయింది. అలాంటి చోట, ముల్లు సవరించని విమానం నేలమీదే నిలబడి ఉన్నా 1,700 అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్నట్టు చూపిస్తుంది! తుఫానులోకి ఎవరూ విమానం తీసుకుపోరు, నిజమే. కాని రేడియోలో వినే చిన్న అల్పపీడనానికి పది మిల్లీబార్లు తగ్గినా 280 అడుగుల తేడా. అంటే నాలుగు తాటిచెట్ల ఎత్తు. మబ్బుల్లోంచి దిగే విమానానికి అది చావుబతుకుల తేడా.

అందుకే దిగే ముందు విమానాశ్రయం వారు ఆ వేళటి ఒత్తిడి చెబుతారు. పైలటు ఆ అంకె తిరిగి అప్పజెప్పి, మీట తిప్పి సరిచేసుకుంటాడు. బాగా పైకి పోయాక మాత్రం అందరూ 1013కే పెట్టుకుంటారు. ఊరంతా ఒకే కుంచంతో కొలిస్తే, కుంచం కాస్త వెలితిదైనా పేచీ రాదు కదా! ఒకదాని పైన ఒకటి పోయే విమానాల మధ్య ఎడం తప్పదు.

కొత్త విమానాల్లో రేకు డబ్బీ బదులు ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. నేలకు దగ్గరపడ్డాక రేడియో తరంగాలతో ఎత్తు కొలిచే సాధనమూ ఉంది. అయినా ఆకాశంలో దారి పంచుకోవడానికి ఈనాటికీ ఆధారం ఆ గాలి ఒత్తిడే.