రౌటర్ బాగానే ఉంది, తప్పు నాది: మేళ్లచెరువులో కాటా ఆగిన రోజు

ఈ రోజు కమాండ్‌ల లిస్టు చదివి వినిపించను. మా మేళ్లచెరువులో ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ ఆగిపోయిన రోజు గురించి చెప్తా. అప్పుడు అక్కడ నెట్‌వర్క్ చూసుకునేది నేనే. సీసీఎన్ఏ చదివేవాళ్లు చివరిదాకా వినండి.

పొద్దున పదకొండింటికి ఫోన్ వచ్చింది. "కాటా ఆగింది, తొందరగా రా." లారీని ఖాళీగా ఒకసారి, బస్తాలు ఎక్కాక ఒకసారి కాటా మీద తూస్తారు. రెండు బరువులూ సర్వర్‌కి చేరితేనే బిల్లు వస్తుంది. బిల్లు లేకపోతే బండి గేటు దాటదు. నేను వెళ్లేసరికి లారీలు రోడ్డు దాకా వరస కట్టాయి. డ్రైవర్లకి ట్రిప్పు లెక్కన డబ్బులు. నిలబడ్డ ప్రతి గంటా వాళ్లకి నష్టమే.

కంగారులో నేనేం చేశానో తెలుసా? రౌటర్ రీస్టార్ట్ చేశా. అది మొదటి తప్పు. రీస్టార్ట్ చేస్తే మెమరీలో ఉన్న లాగ్ మొత్తం పోతుంది. అంటే నా చేత్తో నేనే సాక్ష్యం చెరిపేశా. పైగా ఏమీ బాగుపడలేదు.

అప్పుడు కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకున్నా. ఎవరికి పోయింది? ఎక్కడిదాకా వెళ్తోంది? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?

మొదటిదానికి జవాబు: డిస్పాచ్ వ్లాన్ పూర్తిగా పోయింది, మిగతావి నెమ్మదిగా ఉన్నాయి. రెండోదానికి: కాటా కంప్యూటర్ నుంచి గేట్‌వేకి పింగ్ కొడితే నాలుగింటిలో ఒకటి వస్తోంది. సొంత గేట్‌వేకే సరిగ్గా చేరట్లేదంటే ఇంకా రౌటింగ్ దాకా పోనక్కర్లేదు. రౌటర్ ఊరి పొలిమేర లాంటిది, స్విచ్ ఊళ్లో వీధుల లాంటిది. మనిషి వీధిలోనే చిక్కుకుపోతే పొలిమేరలో వెతికి లాభమేంటి?

ఇంక స్విచ్‌లోకి లాగిన్ అయ్యా. స్క్రీన్ మీద ఒక్కో అక్షరం ఆగి ఆగి వస్తోంది. లాగ్ చూస్తే ఒకటే మెసేజ్ మళ్లీ మళ్లీ: ఫలానా మ్యాక్ అడ్రస్ 7వ పోర్టుకీ 19వ పోర్టుకీ మధ్య ఊగుతోంది. ఒకే కంప్యూటర్ ఒకేసారి రెండు గుమ్మాల్లో ఎలా కనిపిస్తుంది? ఎక్కువగా లూప్ ఉన్నప్పుడే.

లూప్ అంటే ఏంటో మన శివరాత్రి జాతరతో చెప్తా. ఒక మైకులో "పిల్లాడు తప్పిపోయాడు" అని ప్రకటన వచ్చింది. అది విన్న ప్రతి మైకూ మళ్లీ అదే చెప్తే, దాన్ని విని మొదటి మైకు మళ్లీ చెప్తే? కాసేపటికి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటే ఇదే. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అనే అంకె ఉంటుంది. ఒక్కో రౌటర్ దాటేకొద్దీ ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ప్యాకెట్ చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి ఆ చావు లేదు. లూప్ తెగేదాకా తిరుగుతూనే ఉంటుంది.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీర్ స్పానింగ్ ట్రీ రాసింది. స్విచ్‌లు బీపీడీయూ అనే చిన్న సందేశాలు పంపుకుంటూ, లూప్ కనపడితే ఒక దారి మూసేస్తాయి. మరి మా దగ్గర ఎందుకు మూయలేదు?

19వ పోర్టు షట్‌డౌన్ చేశా. పిచ్చిగా కొట్టుకుంటున్న లైట్లు నెమ్మదించాయి. కాటా లేచింది. తర్వాత డిస్పాచ్ గదికి వెళ్లి చూస్తే, టేబుల్ మీద చిన్న ఐదు పోర్టుల స్విచ్, దాన్నుంచి గోడకి రెండు కేబుళ్లు. ఆ గదిలో సిమెంట్ దుమ్ము తుడిచే కాంట్రాక్టు పనాయన భయంభయంగా చెప్పాడు: "వైరు కింద వేలాడుతుంటే ఊడిపోయిందేమో అని పెట్టిన సారూ."

మేనేజర్ అక్కడే ఉన్నాడు. "రేపటినుంచి ఇతన్ని రానీయకండి" అన్నాడు.

నేను కాన్ఫిగరేషన్ తెరిచి చూశా. 7, 19 పోర్టుల మీద బీపీడీయూ ఫిల్టర్ ఉంది. పెట్టింది నేనే. ఆరు నెలల క్రితం ఆ పోర్టు రెండుసార్లు దానంతటదే మూసుకుపోయింది. అప్పుడు దాని మీద బీపీడీయూ గార్డ్ ఉండేది. మాటిమాటికీ ఫోన్లు వస్తున్నాయని గార్డ్ తీసేసి ఫిల్టర్ పెట్టా. ఫిల్టర్ పెడితే ఆ పోర్టులో బీపీడీయూలు పోవు, రావు. అంటే స్పానింగ్ ట్రీకి కళ్లు కట్టేసినట్టే. ఆ పోర్టు రెండుసార్లు నాకు నిజం చెప్పింది. నేను దాని నోరు మూశా.

"సార్, తప్పు బాబాయ్‌ది కాదు. వైరు ఎవరైనా పెడతారు. పెట్టినా ఏమీ కాకుండా చూడాల్సింది నేను" అన్నా. రిపోర్టులో కూడా అలాగే రాశా. నాకు గట్టిగానే అక్షింతలు పడ్డాయి. ఆయన పని మాత్రం పోలేదు.

ఇది చిన్న ఊరి తప్పు అనుకోకండి. 2002 నవంబరులో అమెరికాలో, బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ లూప్‌తోనే కుప్పకూలింది. దాదాపు నాలుగు రోజులు డాక్టర్లు కాగితాల మీద పనిచేశారు. అక్కడి ఐటీ అధిపతి జాన్ హలమ్కా దాన్ని దాచిపెట్టలేదు. మిగతా ఆసుపత్రులు నేర్చుకోవాలని అందరికీ చెప్పాడు.

తర్వాత నేను చేసినవి ఇవి: కంప్యూటర్లు తగిలే ప్రతి పోర్టుకీ బీపీడీయూ గార్డ్, స్టార్మ్ కంట్రోల్. వాడని పోర్టులు షట్‌డౌన్. లాగ్‌లు వేరే సర్వర్‌కి. ప్రతి కేబుల్‌కీ పేరు.

మీరూ ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు పెట్టి చూడండి. ఒక లైటు నారింజ రంగులో ఉండిపోతుంది. అది చెడిపోయింది కాదు, కాపలా కాస్తోంది. పచ్చగా ఉన్న కేబుల్ పీకండి, ముప్పై సెకన్లలో నారింజది పచ్చగా మారుతుంది.

ఉద్యోగంలో చేరాక అలారం విసిగిస్తే, ఆపే ముందు అదేం చెప్తోందో ఒక్కసారి వినండి. మీ చేత్తో ఎప్పుడైనా నెట్‌వర్క్ ఆగిందా? సిగ్గుపడకుండా కామెంట్లో రాయండి, నేను ముందే ఒప్పుకున్నాగా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.