దారి అందరిదీ
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. "మీరు ఇంగ్లండు వెళ్ళి వచ్చారు కదా, అక్కడి విశేషాలు పదిహేను నిమిషాల్లో చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. లండను వంతెన, రాజుగారి కోట మీలో చాలామంది చూసే వచ్చారు. చూడనివారు పిల్లలు పంపిన ఫొటోల్లో చూశారు. అందుచేత వాటి జోలికి పోను. అక్కడి కాలిబాటల గురించి నాలుగు మాటలు చెబుతాను. సర్వే, భూరికార్డుల శాఖలో 34 ఏళ్ళు గొలుసు పట్టుకుని పొలాల గట్ల మీద తిరిగినవాణ్ణి. ఎక్కడ దారి కనిపించినా ఇది ఎవరిది, నక్షాలో ఉన్నదా లేదా అని చూడటం పెన్షనుతో పాటు నాకు మిగిలిన అలవాటు.

మా అబ్బాయి ఉద్యోగం మాంచెస్టరులో. 2023 జూన్, జూలై నెలలు అక్కడే ఉన్నాం. అక్కడికి ఉత్తరాన కారులో రెండు గంటల లోపు ప్రయాణంలో లేక్ డిస్ట్రిక్టు ఉంది. పేరుకు తగ్గట్టు సరస్సుల సీమ. 1951లో దానిని జాతీయ పార్కుగా ప్రకటించారు. 2017లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి విండర్‌మియర్ సరస్సు ఇంగ్లండులో కెల్లా పెద్దది. మన కొల్లేరులా పరచుకుని ఉండదు. పదిన్నర మైళ్ళ పొడవున, మైలుకు మించని వెడల్పుతో ఏటిలాగా సాగిపోతుంది. లోతు మాత్రం రెండు వందల అడుగుల పైమాటే. చుట్టూ పచ్చిక కొండలు, ఓక్ చెట్ల అడవులు, రాతి గోడల మధ్య గొర్రెల మందలు.

మేము నడిచిన మొదటి బాట ఆ సరస్సుకు పడమటి ఒడ్డున రే కాజిల్ అనే కోట దగ్గర మొదలవుతుంది. పేరుకే కోట, యుద్ధాలు చూసినది కాదు. 1840లలో లివర్‌పూల్ నుంచి వచ్చిన జేమ్స్ డాసన్ అనే రిటైరైన డాక్టరు కట్టించుకున్న ఇల్లు. భార్య వైపు నుంచి వచ్చిన ఆస్తితో బురుజులతో సహా కట్టించాడు. ఆ కోట ఆవిడకు నచ్చక అందులో కాపురం ఉండనన్నదని అక్కడ చెప్పుకుంటారు. పెన్షనరు కట్టిన ఇల్లు ఇల్లాలికి నచ్చకపోవడం మన దగ్గరే అనుకోనక్కరలేదు!

అక్కడి నుంచి నీటి అంచున, చెట్ల నీడన సుమారు నాలుగు మైళ్ళు దక్షిణంగా నడిస్తే పడవల రేవు వస్తుంది. దారి దాదాపు చదును. రేవు దగ్గర మెట్ట మీద 1790లలో కట్టిన చిన్న మేడ ఒకటి ఉంది. దాని కిటికీలకు రంగురంగుల అద్దాలు పెట్టారు. పసుపు అద్దంలోంచి చూస్తే సరస్సు వేసవిలో ఉన్నట్టు, ముదురు నీలం అద్దంలోంచి చూస్తే వెన్నెట్లో ఉన్నట్టు కనిపించాలని ఆనాటి ధనికుల ముచ్చట. ఇవాళ ఆ మేడ, ఆ కోట, ఆ అడవి అన్నీ నేషనల్ ట్రస్టు చేతిలో ఉన్నాయి. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.

రెండవది టార్న్ హౌస్. ఇది మా ఆవిడ కోసం ఎంచుకున్నది. మోకాళ్ళ నొప్పులవల్ల ఆమె గోడల మీది మెట్లు ఎక్కలేదు. అక్కడి పార్కువారు మెట్లు, దాటుగోడలు లేని దారులను విడిగా గుర్తించి జాబితా వేశారు. వాటిలో ఇదొకటి. చక్రాల కుర్చీ కూడా పోతుంది. రెండు మైళ్ళకు కాస్త తక్కువగా చెరువు చుట్టూ తిరుగుతుంది. ఇంత సహజంగా కనిపించే ఆ చెరువు మనిషి చేసినదే. లీడ్సు నారబట్టల మిల్లు కుటుంబానికి చెందిన జేమ్స్ గార్త్ మార్షల్ 19వ శతాబ్దంలో చిన్న చిన్న మడుగులకు కట్ట వేయించి ఒకే చెరువుగా మార్చాడు. చుట్టూ చెట్లు నాటించాడు.

ఆ ఎస్టేటు 1930లో అమ్మకానికి వచ్చినప్పుడు కొన్నది ఎవరనుకున్నారు? మన మనుమలు చదివే పీటర్ ర్యాబిట్ కుందేలు కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్. పదహారేళ్ళ వయసులో, 1882 వేసవిలో, తల్లిదండ్రులతో ఆ రే కాజిల్ లోనే బస చేసింది. తరువాత పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో 1905లో మొదటి పొలం కొన్నది. 1930లో కొన్న ఎస్టేటులో సగం, ఈ చెరువుతో సహా, నేషనల్ ట్రస్టుకు అమ్మింది. 1943లో కన్నుమూసేనాటికి 4,000 ఎకరాలకు పైగా భూమిని వీలునామాలో ఆ ట్రస్టుకే రాసింది.

ఈ బాటల్లో నన్ను ఎక్కువగా ఆకర్షించినది వాటి వెనుక ఉన్న హక్కు. ఒకరోజు బాట ఒక రైతు పొలం గేటు తీసుకుని లోపలికి పోయింది. "ఏమండీ, ఎవరి పొలమో ఏమో, అడగకుండా పోతున్నారు, కుక్కలు ఉంటాయేమో" అని మా ఆవిడ ఆగిపోయింది. గేటు కమ్మీకి పసుపు బాణం గుర్తు ఉంది. పసుపు బాణమంటే కాలినడకన పోయే హక్కు ఉన్న దారి. నీలం బాణమైతే గుర్రం మీదా, సైకిలు మీదా కూడా పోవచ్చు. భూమి యజమానిదే, పంట అతనిదే, దారి మాత్రం అందరిదీ. ఇంగ్లండు, వేల్సు కలిపి అలాంటి దారులు సుమారు 1,40,000 మైళ్ళు ఉన్నాయి.

మన శాఖ మిత్రుల కోసం కొన్ని నిబంధనలు చెబుతాను. పొలం మధ్యగా పోయే బాటను రైతు దున్నుకోవచ్చు. కానీ 14 రోజుల లోపల కనీసం మీటరు వెడల్పున మళ్ళీ నడవడానికి వీలుగా సరిచేయాలి. పది నెలలు దాటిన పాడి జాతి ఆబోతును బాట ఉన్న పొలంలో వదలకూడదు. ఏ దారినైనా జనం 20 ఏళ్ళు అడ్డు లేకుండా, అనుమతి అడగకుండా నడిస్తే, ఇవ్వటం ఇష్టం లేదని యజమాని రుజువు చూపలేనప్పుడు, 1980 నాటి చట్టం ప్రకారం అది ప్రజల దారి అయినట్టే భావిస్తారు.

ఇవి ఎవరూ ఉదారంగా ఇచ్చినవి కావు. 1887లో కెజిక్ ఊరి దగ్గర లాట్రిగ్ కొండ దారిని యజమానులు మూసివేస్తే, సుమారు 2,000 మంది ఊరేగింపుగా ఆ కొండ ఎక్కారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు ప్రాంతపు యువకులు, కార్మికులు కొన్ని వందల మంది కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి నడిచారు. అది డెవన్‌షైర్ డ్యూకు గారి వేటభూమి. వారి నాయకుడు బెన్నీ రాత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. ఆ తరువాత 1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది. జిల్లా జిల్లాకూ దారుల నక్షా తయారు చేయాలని అందులోనే నిర్దేశించారు. 2002లో, ఆ సంఘటనకు 70 ఏళ్ళు నిండిన సందర్భంలో, నాటి డ్యూకు గారు తమ కుటుంబం తరఫున బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

అక్కడా అంతా సవ్యంగా ఉన్నదని కాదు. నక్షాలోకి ఎక్కని పాత దారులు ఎన్నో ఉన్నాయి. నడకరుల సంఘం పిలుపు మీద వేలాది వాలంటీర్లు పాత పటాలనూ కొత్త పటాలనూ పక్కపక్కన పెట్టి చూసి, 49,000 మైళ్ళకు పైగా దారులు తప్పిపోయి ఉండవచ్చని 2020లో లెక్క తేల్చారు. వాటి నమోదుకు చట్టం 2026 వరకు గడువు పెట్టింది. తరువాత అది 2031కి పెరిగింది. ఆ గడువునే ఎత్తివేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది.

ఇదంతా మనకెందుకంటారా? వారి ఆర్డ్‌నెన్స్ సర్వే 1791లో మొదలయితే, మద్రాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర లాంబ్టన్ దొర 1802లోనే మహా త్రికోణ సర్వేకు ఆధార రేఖ కొలిచాడు. కొలతల్లో మనం వెనుకబడినవాళ్ళం కాము. మన గ్రామ నక్షాలలో పుంతలు, డొంకలు, బండిదారులు, చెరువుకూ శ్మశానానికీ పోయే బాటలు అన్నీ ఉన్నాయి. ప్రజల దారులు ప్రభుత్వానివని 1905 నాటి ఆక్రమణల చట్టం చెప్పనే చెప్పింది. పాటర్ గారు మొదటి పొలం కొన్నదీ ఆ ఏడే. కాగితం మీద మనకు లోటు లేదు, నేల మీదనే లోటు.

మా ఊళ్ళో చెరువుకు పోయే డొంక నక్షాలో 30 లింకులు, అంటే ఇరవై అడుగుల వెడల్పు. ఇవాళ అందులో ఎడ్లబండి పట్టదు. రెండు పక్కలా గట్లు ఏటేటా జరిగాయి. ఎవరో ఒకరు చేసిన పని కాదు, తలా ఒక చారెడు. కొందరు అటు నడవడం మానేశారు. నడవని దారిలో ముళ్ళు మొలిచాయి. ముళ్ళు మొలిచిన దారిని దున్నుకుంటే అడిగేవాడు లేడు. గొర్రెలు తోలుకుపోయే వృద్ధుడు, గడ్డిమోపు తెచ్చుకునే ఆడకూతురు ఇప్పుడు తారు రోడ్డు మీద లారీల మధ్య చుట్టూ తిరిగి వస్తున్నారు. దారి పోతే ముందుగా నష్టపడేది వారే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. ఈ కొలతల్లో పట్టాదారు తన హద్దు చూపించుకుంటాడు. పుంత తరఫున నిలబడి హద్దు చూపించేవారెవరు?

అందుకని సభ ముందు మూడు మనవులు ఉంచుతున్నాను. మొదటిది, నెలకొక ఆదివారం ఉదయం, ఎండ ముదరక ముందే, మన సభ్యులం కలిసి ఏదో ఒక ఊరి పుంత వెంట రెండు మైళ్ళు నడుద్దాం. మోకాళ్ళు బాగులేని వారికోసం చదునుగా ఉన్న దారులు విడిగా ఎంచుదాం. రెండవది, ఆ ఊరి నక్షా నకలు వెంట తీసుకువెళ్దాం. సర్వే, రెవెన్యూ శాఖల్లో పనిచేసిన వాళ్ళం ఈ హాలులోనే ముప్పయి మందికి తక్కువ లేం. ఎక్కడ దారి సన్నబడిందో, ఎక్కడ తెగిందో రాసుకుందాం. మూడవది, ఆ వివరాలను తహసీల్దారు గారికి, పంచాయతీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకుందాం. తగాదా పెట్టుకోవద్దు, ఎవరి పేరూ ఎత్తవద్దు. కొలత మాత్రం చెబుదాం. అర్జీ ఎలా రాయాలో, జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మళ్ళీ ఎలా రాయాలో మనకంటె తెలిసినవారెవరు?

డాక్టర్లు మనల్ని రోజూ నడవమంటున్నారు. ఎటూ నడవాలి కనుక, నడిస్తే నిలిచే దారుల్లో నడుద్దాం. మన మనుమలకు అవి మిగులుతాయి.

పేర్లు ఇవ్వదలచినవారు టీ విరామంలో నన్ను కలవండి.