కెమెరా బ్యాగ్ కొనే ముందు: దాన్ని మీరు ఎక్కడ కింద పెడతారు?

వెనక గాలి హోరు వినిపిస్తా ఉంటే కొంచెం సర్దుకోండి. ఈ రోజు బత్తలపల్లె బయట, శనక్కాయ చేను గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నా. ఇంట్లో లైట్లు పెట్టుకుని బ్యాగుల గురించి చెప్పొచ్చు. కానీ ఈ గాలి, ఈ ఎర్ర దుమ్ము కనిపిస్తేనే నేను చెప్పబోయేది మీకు అర్థమవుతుంది.

చాలామంది తమ్ముళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, మూడు వేల లోపల మంచి కెమెరా బ్యాగ్ ఏది?" ఒక లింక్ ఇచ్చి ఊరుకోవచ్చు. నేను కూడా ఒకప్పుడు అట్లాంటి లింక్ చూసే కొన్నా. ముందు ఆ కథ చెప్తా.

నాలుగేళ్ళ కిందటి మాట. నా దగ్గర ఉన్నది క్యానన్ 1500డి ఒకటి, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఒకటి, అంతే. కానీ నేను కొన్న బ్యాగ్ చూస్తే రెండు కెమెరాలు, ఐదు లెన్సులు, ఒక లాప్‌టాప్ పట్టేంత ఉంది. 3,200 రూపాయలు. ఎందుకంత పెద్దది అంటే, వీపు మీద వేసుకుంటే పెద్ద ఫొటోగ్రాఫర్‌లా కనిపిస్తానని. నిజం ఒప్పుకోవాలి కదా. ఖాళీ బ్యాగే కిలోన్నర బరువుండేది. మరి నా కెమెరా బరువెంత? బాడీ బ్యాటరీతో కలిపి 475 గ్రాములు, లెన్స్ 200 గ్రాములు. సామాను కంటే మోసే సంచే రెండింతలు బరువు!

ముదిగుబ్బ వైపు ఒక పెళ్ళికి అసిస్టెంట్‌గా పోయినా. స్టూడియో నడిపే ఒక అన్న నన్ను నమ్మి తన 55-250 లెన్స్ ఇచ్చినాడు. "జాగ్రత్త రా అబ్బీ" అని ఒక్క మాట అన్నాడు. అప్పగింతలు అయిపోయినాయి, పెళ్ళికూతురి కారు కదిలింది, ముందుగా పోయి గుడి దగ్గర షాట్ తీసుకోవాలి. నా బ్యాగ్ ఎట్లాంటిదంటే, దాన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ ఉన్న జిప్ మొత్తం తీస్తే తప్ప ఏమీ అందదు. హడావిడిలో లెన్స్ లోపల పెట్టి, జిప్ సగం లాగి, బండెక్కినా. ఒక వంక దగ్గర రోడ్డు దిగి ఎక్కేచోట ఏదో టక్కున శబ్దం వచ్చింది. రాయి తగిలిందేమో అనుకున్నా. గుడి దగ్గరికి పోయి చూసుకుంటే జిప్ తెరుచుకుని ఉంది, లెన్స్ లేదు.

వెనక్కి పోతే దొరికింది. బాడీకి బిగించే చోట ప్లాస్టిక్ రింగ్ విరిగిపోయింది. రిపేరు చేసేవాళ్ళు చూసి, దీనికి పెట్టే డబ్బుతో ఇంకో పాత లెన్స్ వస్తుందన్నారు. ఆ అన్న తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మూడు పెళ్ళిళ్ళకు కూలి తీసుకోకుండా పని చేసి లెక్క తీర్చినా. అయినా ఆ తర్వాత ఆయన తన సామాను నా చేతికి ఇవ్వడానికి చాలా రోజులు పట్టింది.

తప్పు నాదే, జిప్ వేయనిది నేనే. కానీ తొందరలో మనిషి జిప్ సగమే వేస్తాడు, అది కూడా లెక్కలో పెట్టుకుని బ్యాగ్ కొనాలి. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను ముందు వేసే ప్రశ్న "మీ కెమెరా ఏది?" అని కాదు. "ఫొటో తీసేటప్పుడు ఆ బ్యాగ్ ఎక్కడ పెడతారు?" అని.

మన చుట్టుపక్కల జాగాలనే చూడండి. ధర్మవరంలో పట్టుచీర నేసే ఇంట్లోకి పోయినామనుకోండి. గుంత మగ్గం ఉంటుంది, గదిలో సగం అదే. పడుగు పోగులు బిగించి ఉంటాయి. వీపు మీద పెద్ద బ్యాగ్ వేసుకుని ఆ ఇరుకులో వెనక్కి తిరిగితే, బ్యాగ్ ఏం చేస్తుందో మీకు కనపడదు. నాలుగు పోగులు తెగితే అతికించుకుంటూ కూర్చోవాల్సింది ఆ నేసే మనిషి. అక్కడ వీపు బ్యాగ్ గుమ్మం బయటే వదిలేయాలి, లేదంటే ఛాతీ మీదికి తిప్పుకునే చిన్న స్లింగ్ బ్యాగ్ ఉండాలి. నేనైతే స్లింగ్ అంటాను.

కదిరి రథోత్సవం వేరే లెక్క. ఫాల్గుణ మాసంలో నరసింహస్వామి రథం లాగేటప్పుడు జనం రథం మీదికి మిరియాలు, పండ్లు విసురుతారు. ఆ తోపులాటలో బ్యాగ్ కింద పెట్టడం అనే మాటే లేదు. వీపు మీద ఉంటే జిప్ ఎవరు తీస్తున్నారో తెలియదు. లెన్స్ మార్చే ఆలోచన కూడా మానేయండి. ఒక కెమెరా, ఒక లెన్స్, మెడలో పట్టీ, నడుముకు ఒక చిన్న పౌచ్, అందులో ఇంకో బ్యాటరీ, ఇంకో కార్డు. ఆ రోజుకు అదే మీ కెమెరా బ్యాగ్.

కదిరి దగ్గరే తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా. 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కిన చెట్టు. దాన్ని లోకానికి చూపించింది బెంగళూరు ఫొటోగ్రాఫర్, పాత్రికేయుడు ఒకాయన, రిగ్రెట్ అయ్యర్ అంటారు. అక్కడ ఊడల మధ్య నడిచే కొద్దీ ఫ్రేమ్ మారుతూనే ఉంటుంది, పైగా ఆకులు, మట్టి, పక్షుల రెట్టలు. ఇక్కడ వీపు బ్యాగ్ సుఖం, ఎందుకంటే నడక ఎక్కువ, రెండు భుజాల మీద బరువు సమానంగా పడుతుంది. లేపాక్షి కూడా అంతే, తిరిగేది ఎక్కువ. మండపం పైకప్పు బొమ్మలకు వెలుతురు తక్కువ అని ట్రైపాడ్ తగిలించుకునే బ్యాగ్ కొనేస్తారు కొందరు. అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం, ట్రైపాడ్ వేయాలంటే అనుమతి ఉండాలి. ఊరికే మోసుకుపోయి మోసుకొస్తారు.

చూసినారా, నాలుగు చోట్లకు మూడు రకాలు. మూడూ కొనమని కాదు. మీరు పదిసార్లు బయటికి పోతే ఏడుసార్లు ఎక్కడికి పోతారో, దానికి కొనండి. మిగతా మూడుసార్లు సర్దుకోవచ్చు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా ఎంక్వైరర్ పత్రికలో జిమ్ డోమ్కీ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1970ల్లో తన పనికి ఏ బ్యాగూ సరిపోక తానే ఒకటి తయారు చేయించుకున్నాడు. మెత్తని గుడ్డ సంచి, నడుము పక్కన ఆనుకుని ఉంటుంది, చూడకుండానే చెయ్యి పెడితే లెన్స్ అందుతుంది. వార్తలు తీసేవాడికి కావాల్సింది అదే. ఇప్పటికీ ఆ పేరుతో బ్యాగులు వస్తున్నాయి. మన ఎండలో, బండి మీద అది సరిపోతుందా అంటే, నాకు అనుమానమే.

బండి అన్నాం కాబట్టి ఇది కాస్త జాగ్రత్తగా వినండి. మనలో చాలామంది బైక్ మీదే తిరుగుతాం. బ్యాగ్ పెట్రోల్ ట్యాంక్ మీద పెట్టుకోవడం, హ్యాండిల్‌కు తగిలించడం, రెండూ వద్దు. ఇంజన్ అదురు నేరుగా లోపలికి పోతుంది. 2021లో యాపిల్ కంపెనీయే చెప్పింది, ఫోన్‌ను మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు బిగించి తిరిగితే ఆ వైబ్రేషన్ వల్ల కెమెరాలో వణుకు ఆపే భాగం దెబ్బతినొచ్చని. ఫోన్‌కే అట్లా ఉంటే లెన్స్ సంగతి వేరే చెప్పాలా? వీపు మీద వేసుకుంటే మీ ఒళ్ళే ఆ అదురు కొంత తీసుకుంటుంది. నడుము పట్టీ, ఛాతీ పట్టీ ఉంటే మరీ మంచిది, గుంతల్లో బ్యాగ్ ఎగరదు. స్లింగ్ బ్యాగ్ అయితే రెండో చిన్న పట్టీ ఉందో లేదో చూడండి. అది లేకపోతే బండి మీద జారి ముందుకొస్తుంది.

ఇక ఎండ. మన అనంతపురం వైపు ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అందుకే "వాటర్‌ప్రూఫ్" అన్న మాటకు మీరు పడిపోకండి. మన సమస్య నీళ్ళు కాదు, వేడి, దుమ్ము. చాలా కెమెరాల మాన్యువల్లో పని చేసే వేడి 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. నల్ల బ్యాగ్ ఎండలో బండి మీద వదిలేసి టీ తాగొస్తే లోపల ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూడండి. బూడిద రంగు, ఖాకీ రంగు దొరికితే అవి తీసుకోండి. దుమ్ము పడినా తొందరగా కనపడదు కూడా. నల్లదే ఉంటే ఒక తెల్ల తువ్వాలు కప్పండి. అందంగా ఉండదు, పని చేస్తుంది.

బ్యాగ్ అడుగున ఒక రెయిన్ కవర్ వస్తుంది కదా, దాన్ని వాన కోసం దాచుకోవద్దు. బండి మీద పోయేటప్పుడు వేసేయండి. లారీ పక్కనుంచి పోతే లేచే దుమ్ము జిప్ పళ్ళల్లో ఇరుక్కోదు. జిప్పులు పాడయ్యేది ఎక్కువగా ఆ దుమ్ము వల్లే. షాపులో జిప్‌ను ఒక చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు లాగి చూడండి, మూల తిరిగే చోట ఆగిందా, ఆ బ్యాగ్ వద్దు. నా లెన్స్ పడింది ఆ మూల దగ్గరే. ఇంకొక మాట, వెల్‌క్రో మూత ఉన్నది పెళ్ళి పనులకు వద్దు. తాళి కట్టే సమయంలో "పర్ర్" మంటే పంతులుగారితో సహా అందరూ మీ వైపే చూస్తారు.

"అన్నా, నాకు కెమెరానే లేదు, ఫోన్‌తో తీస్తా" అనేవాళ్ళు మనలో ఎక్కువ. మీకూ బ్యాగ్ కావాలి. ఫోన్ జేబులో ఉంటుంది సరే, గింబల్, మైకు, పవర్ బ్యాంక్, చిన్న ట్రైపాడ్? అన్నీ ఒకే అరలో వేస్తే గింబల్ కీలు మీద పవర్ బ్యాంక్ కూర్చుంటుంది. మీ కాలేజీ బ్యాగ్ చాలు. దాని లోపల పెట్టుకునే మెత్తని గళ్ళ పెట్టె విడిగా దొరుకుతుంది, ఇన్సర్ట్ అంటారు. కెమెరా ఉన్నవాళ్ళకు కూడా ఇది మంచి దారి. ఆర్టీసీ బస్సులో పోయేటప్పుడు కాలేజీ బ్యాగ్‌ను ఎవరూ పట్టించుకోరు. కెమెరా కంపెనీ పేరు పెద్దగా కుట్టిన బ్యాగ్, లోపల ఏముందో తానే చెప్పేస్తుంది.

అది కూడా ఖర్చే అనుకుంటే నేను చేసింది చెప్తా. ఆ లెన్స్ సంగతి తర్వాత నా దగ్గర బ్యాగుకు డబ్బు లేదు. పాత యోగా మ్యాట్ ఒకటి తీసుకుని, రెగ్జిన్ బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికి పోయినా. కెమెరా కొలతలు ఇచ్చి, మ్యాట్ ముక్కలకు గుడ్డ తొడిగి, మూడు గళ్ళు కుట్టించుకున్నా. రెండేళ్ళు అదే వాడినా. ఇప్పటికీ బస్సు ప్రయాణాలకు అదే.

కొలత తీసుకోవడం మాత్రం నేర్చుకోండి. ఆన్‌లైన్‌లో "20 లీటర్లు" అని చూసి కొనొద్దు. మీరు ఎక్కువగా వాడే లెన్స్‌ను కెమెరాకు తగిలించే ఉంచి, కెమెరా వెనక నుంచి లెన్స్ చివరి దాకా టేపు పెట్టండి. బ్యాగ్ బయటి కొలత కాదు, లోపలి కొలత చూడండి. లెన్స్ తగిలించిన కెమెరా అట్లాగే పట్టాలి. ప్రతిసారీ లెన్స్ ఊడదీసి పెట్టాల్సి వస్తే, మన గాలిలో ఊడదీసిన ప్రతిసారీ సెన్సర్ మీద దుమ్ము పడినట్టే. ఇంకో లెన్స్ కొనే ఆలోచన ఉంటే దానికి ఒక గడి ఖాళీ ఉంచుకోండి. ఒకటే. ఐదు కాదు.

వారానికోసారి అన్నీ బయటపెట్టి బ్యాగ్ బోర్లించి దులపండి. బ్రష్‌తో మూలలు ఊడ్వండి. లోపల ఎర్ర మట్టి ఎంత రాలుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. విజయవాడ, విశాఖ వైపు నుంచి చూస్తున్నవాళ్ళకు మాత్రం వేరే భయం ఉంది, తేమ. నెలల తరబడి బ్యాగులోనే పెట్టి బీరువాలో మూసేస్తే లెన్స్‌కు ఫంగస్ పడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో దాచుకోండి. బ్యాగ్ మోసుకుపోవడానికే.

నా 3,200 రూపాయల బ్యాగ్ ఏమైందని అడుగుతారు, తెలుసు. ఇంట్లోనే ఉంది. గళ్ళు పీకేసినాం, మా నాయన చేనుకు పోయేటప్పుడు నీళ్ళ బాటిల్, అన్నం డబ్బా, టార్చి లైటు వేసుకుని పోతాడు. బాగుందంటాడు. జిప్ మాత్రం ఆ మూల దగ్గర ఇప్పటికీ ఆగుతుంది.

లైటు తగ్గుతా ఉంది. ఈ ఎండ వాలే అరగంటలోనే నాకు ఆ చింతచెట్టు ఫొటో కావాలి. ఉంటా మరి.