చందాలతో వెలసిన పురమందిరం



చెన్నపట్టణంలో రిప్పన్ భవనం పక్కన ఎర్ర ఇటుకలతో నిలిచిన విక్టోరియా పబ్లిక్ హాలు పౌరుల చందాలతో వెలసినది. నగరానికి తగిన సభామందిరం కోసం 1882లో పురప్రముఖులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. పురపాలక సంఘం పీపుల్స్ పార్కులో స్థలాన్ని కౌలుకిచ్చింది. 1883 డిసెంబరు 17న విజయనగర ప్రభువు పూసపాటి ఆనంద గజపతిరాజు శంకుస్థాపన చేశారు. చిషోల్మ్ రూపకల్పన చేయగా నంబెరుమాళ్ శెట్టి నిర్మించారు.

ఆ దానఫలం ఒక్క భాషకే పరిమితం కాలేదు. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ చెన్నపట్టణానికి వచ్చి తెలుగు నాటకాలు ప్రదర్శించింది. వాటిని చూసి ఉత్తేజితులైన పమ్మల్ సంబంధ ముదలియార్ సుగుణ విలాస సభను స్థాపించారు. ఆ సభ తమిళ నాటకాలకు ఈ మందిరమే వేదికైంది.

అంతటి మందిరమూ దశాబ్దాల పాటు ఆలనాపాలనా కొరవడి శిథిలమైంది. చివరకు పునరుద్ధరణకు నగరపాలక సంస్థ పూనుకోవలసి వచ్చింది. కట్టడానికి చందా ఒక్కసారి చాలు. నిలుపుకోవడానికి ఏటేటా కావాలి. బడికైనా, గ్రంథాలయానికైనా, మంచినీటి తొట్టికైనా విరాళం పోగుచేసేవారు అందులో కొంత మరమ్మతు నిధిగా తొలినాడే వేరుచేయాలి. శిలాఫలకంపై దాత పేరును కాపాడేది ఆ నిధే.