దోమకాటుకు అంటుబిళ్ళ

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొనెను. శత్రువు తెలిసినది; తగిన కవచముకొరకు నేటికిని వెదకుచునే ఉన్నాము.

ఇప్పుడు అంగళ్ళలో పిల్లల దుస్తులకు అతికించు చిన్న బిళ్ళలు అమ్ముచున్నారు. వీనిలో తరచుగా సిట్రొనెల్లా, యూకలిప్టస్ తైలములుండును. దోమ మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని, చెమట వాసనను పసిగట్టి వచ్చును. తైలపు వాసన దానిని తరుమునని అమ్మువారి మాట.

కాని 1946లో అమెరికా సైన్యముకొరకు రూపొందిన డీట్ వంటి గట్టి మందు సైతము పూసిన మేరకే కాపాడును; పూయని చోట దోమ కుట్టును. అట్లయిన భుజముమీది బిళ్ళ కాలి మడమను కాపాడగలదా? దాని వాసన గాలికి చెదరిపోవును. డెంగీని తెచ్చు ఏడిస్ దోమ పగటివేళనే కుట్టును. బడికిపోవు బిడ్డ దానికి చిక్కును.

కావున తల్లులారా, బిళ్ళ అంటించితిమని నిశ్చింతగా ఉండరాదు. బిడ్డకు నిండుచేతుల చొక్కా తొడుగుడు; పగటి నిద్రకు సైతము దోమతెర కట్టుడు. నిలువనీటిలో గ్రుడ్డు వారము పది దినములలో దోమయగును. అందుచే వారమునకొకనాడు తొట్టెలు, పూలకుండీల పళ్ళెములు వంపి, తోమి, ఆరబెట్టుడు.