కల్లు లోంచి క్లోరోఫాం లోకి

నిజామాబాద్‌లో రసాయనశాస్త్ర అధ్యాపకుల స్మారకోపన్యాసానికి కల్లు విషయమేమిటని సభికులకు అనిపించవచ్చు. కానీ ఈ ప్రాంతంలో క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లు కొత్త సంగతి కాదు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా బీర్కూరు, నసురుల్లాబాద్ మండలాల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. చెట్లు ఇచ్చేది తక్కువ, అమ్ముడయ్యేది ఎక్కువ. ఆ లోటును నీళ్లు, శాకరిన్, మత్తు మందు పూడుస్తాయి. అలవాటైనవాళ్లకు ఆ కల్లు ఒక్కసారిగా ఆగితే వణుకు, మూర్ఛలు వస్తాయి.

ల్యాబుకు చేరిన సీసాలో మందు ఉందని తేల్చడమెలా?

బోధన్ శక్కర్‌నగర్ వాళ్లకు చక్కెర పరీక్ష తెలిసిందే. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబుల్లో చెరకు రసాన్ని తేటపరచి పోలారిమీటర్‌లో పెడతారు. రసంలో చక్కెర నూటికి పది పాళ్లకు పైనే ఉంటుంది కాబట్టి దాన్ని విడదీసే పని లేదు. కల్లులో మందు ఉండేది మిల్లీగ్రాముల్లో. చుట్టూ చక్కెరలు, ఆమ్లాలు, ఈస్టు, ప్రోటీన్లు. ఆ మడ్డినంతా మందును గుర్తించే ఖరీదైన యంత్రంలోకి ఎక్కిస్తే యంత్రమే పాడవుతుంది.

అందుకే సెపరేటింగ్ ఫనెల్. కల్లును కాస్త క్షారంగా మార్చి, క్లోరోఫాం పోసి కుదుపుతారు. అల్ప్రాజోలం నీటిని వదిలి క్లోరోఫాంలోకి దిగుతుంది. చక్కెర నీటిలోనే ఉండిపోతుంది. లాక్టిక్, అసిటిక్ ఆమ్లాలు లవణాలై నీటి పొరను వదలవు. నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైన క్లోరోఫాం అడుగున చేరుతుంది. కుళాయి తిప్పి దించుకోవడమే.

ఇక్కడ లెక్క ఒకటుంది. ఒక మందు నీటిలో కన్నా క్లోరోఫాంలో 9 రెట్లు గాఢంగా చేరుతుందనుకుందాం. 60 మి.లీ. కల్లుకు 60 మి.లీ. క్లోరోఫాం ఒకేసారి పోస్తే నీటిలో 10 శాతం మిగులుతుంది. అదే క్లోరోఫాంను 20 మి.లీ. చొప్పున మూడుసార్లు పోస్తే మిగిలేది 1.6 శాతమే. ద్రావణి ఒక్క చుక్క పెరగలేదు. ఈ పంపకపు సూత్రాన్ని 1891లో నెర్న్‌స్ట్ స్థిరపరిచాడు. కానీ నేరపరిశోధనకు ఈ పద్ధతి అంతకుముందే అక్కరకొచ్చింది: 1850లో బెల్జియంలో జరిగిన ఒక హత్యలో మృతుడి శరీర భాగాల నుంచి రసాయనశాస్త్రవేత్త స్టాస్ ఈథర్‌తో నికోటిన్‌ను బయటికి లాగి చూపించాడు.

చేతిపని మాత్రం పుస్తకంలో ఉన్నంత సులువు కాదు. గట్టిగా కుదిపితే ఈస్టు ప్రోటీన్ల వల్ల రెండు పొరలూ కలిసి తెల్లటి నురగముద్ద అవుతుంది. ఉప్పు వేయాలి, లేదా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. ఇంకో చిక్కు, అసలైనది, క్లోరల్ హైడ్రేట్‌ది: గాఢక్షారం తగిలితే అదే విరిగి క్లోరోఫాంగా మారిపోతుంది. అంటే మందు కోసం వేసిన క్షారమే మరో కల్తీ సాక్ష్యాన్ని చెరిపేయగలదు. కాబట్టి నమూనాను మొదటే రెండుగా పంచుకోవాలి. యంత్రం గొప్పదే, కానీ తీర్పు సగం ఈ ఫనెల్ దగ్గరే రాసి ఉంటుంది.

జిల్లాలోని డిగ్రీ కాలేజీలకు ఒక విన్నపం. అయోడిన్ పంపక ప్రయోగంతో ఆగకండి. అల్ప్రాజోలం చట్టం నియంత్రణలో ఉంది గనుక దాని జోలికి పోవద్దు. మంచి ఈత కల్లులో తూచిన కెఫీన్ కలిపి, ఫ్యూమ్ హుడ్ కింద క్లోరోఫాంతో దించి, ఎంత తిరిగొచ్చిందో విద్యార్థుల చేత లెక్క కట్టించండి. ఏమీ కలపని కల్లును కూడా పక్కనే అదే పద్ధతిలో నడిపించండి.